నాలుగు గంటల భాష

చిక్కడపల్లిలో కాఫీ గింజలు వేయించే దుకాణం ముందు నుంచి వెళ్తే నాకు ఇప్పటికీ సాయంత్రం నాలుగైనట్టే అనిపిస్తుంది. మొన్న ఆఫీసు పని మీద పొద్దున్నే అటు వెళ్లాను. మర తిరుగుతోంది. మాడీ మాడని ఆ వాసన రోడ్డు మీదకి వచ్చి మొహానికి తగిలింది. నా కళ్లు వాటంతట అవే చేతి వాచీ మీదికి పోయాయి, ఆ తర్వాత సందు వైపు తిరిగాయి. పక్కన కొత్తిమీర కట్టలు సర్దుకుంటున్న ఆమె, "ఎవరి కోసం చూస్తున్నరు మేడం?" అని అడిగింది. "ఎవరి కోసం లేదక్కా, ఊకెనే" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆ సందులో నేను ఎదురు చూడదగిన మనిషి ఇప్పుడు ఎవరూ లేరు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

కామేశ్వరి గారి ఇల్లు ఆ దుకాణానికి రెండు సందుల అవతల ఉండేది. కింద ఆమె, ఆమె భర్త నరసింహం గారు. మేడ మీద ఒంటి గదిలో కిరాయికి నేను. ఆమె ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరు. పిల్లలు లేరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో బందరు నుంచి ఉద్యోగానికి వచ్చిన కుటుంబం వాళ్లది. పుట్టి పెరిగింది చిక్కడపల్లిలోనే అయినా ఆయన మాట మాత్రం బందరుదే. మాది పాలమూరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అంబర్‌పేట బస్తీలో చిన్నమ్మ వాళ్లతో ఒకే గదిలో సర్దుకుంటూ, రోజూ అడ్డా మీద నిలబడి బిల్డింగు పనికి పోయేది. ఆ ఇరుకులో చదువు సాగదనీ, అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి నడిచి వెళ్లొచ్చనీ నన్ను ఇక్కడ పెట్టింది. ఉద్యోగం వచ్చాకే ఆ గడప తొక్కుతానని నేను ఒట్టు పెట్టుకున్నాను. ఎవరూ పెట్టుకోమనలేదు, మొండితనం మా ఇంట్లో ఆడవాళ్లకి పుట్టుకతో వస్తుంది. ఫోన్లో మాత్రం రోజూ మాట్లాడుకునేవాళ్లం. "మంచిగున్నవా బిడ్డా?" అంటే "మంచిగున్ననే" అనడం, "నువ్వు?" అంటే "నాకేమైతది" అనడం, దాంతో ఫోన్ పెట్టేయడం. అశోక్ నగర్‌లో వేలమంది పిల్లల మధ్య నడుస్తూ, నోరు విప్పకుండా రోజు గడిపేయడం నాకు అలవాటైపోయింది.

గది చూసుకోవడానికి వెళ్లిన రోజే మొగుడూ పెళ్లాల పోట్లాట విన్నాను. పోట్లాట అని గొంతులను బట్టి తెలుస్తోంది గానీ ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు కాదు, హిందీ కాదు, అరవం కాదు. గుమ్మంలో నన్ను చూసి ఆమె వేలు పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేశారు. గోడ గడియారం ఐదు కొట్టింది. అప్పుడు తెలుగులోకి దిగి, "రామ్మా, కూర్చో. గది కోసమేనా?" అన్నారు, ఏమీ జరగనట్టు. ఆయన నవ్వుతూ, "భయపడకమ్మా, స్పానిష్. ఈవిడ నన్ను తిట్టాలనుకుంది, సగంలో మాటలు దొరకలేదు" అన్నారు.

రిటైరైన ఏడాదే ఇద్దరూ నారాయణగూడలో స్పానిష్ క్లాసులో చేరారు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈ ఇంట్లో ఒకప్పుడు పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. అమ్మా నాన్నా, తమ్ముళ్లూ, చదువుకోడానికొచ్చిన మేనల్లుళ్లూ. మేమిద్దరం ఏం మాట్లాడుకున్నా పక్క గదిలో ఎవరో ఒకరు 'ఏమిటీ?' అనేవారు. మాట్లాడుకోడమే మానేశాం. ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీ అయింది. ఇప్పుడు మాట్లాడుకుందామంటే ఏం మాట్లాడాలో తెలీలేదు. తెలుగేమో చుట్టాలది, ఇంగ్లీషేమో ఆఫీసుది. మా ఇద్దరికీ అంటూ ఒక భాష ఉంటే బాగుండుననిపించింది." కామేశ్వరి గారు కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ, "పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లకి మళ్లీ పెళ్లిచూపులు" అన్నారు. ఆయన్ని ఎప్పుడూ "ఏవండీ" అనే మనిషి స్పానిష్‌లో మాత్రం పేరు పెట్టి పిలిచేవారు, నువ్వు అనేవారు. తెలుగులో చచ్చినా ఆ పని చేయరు.

క్లాసులో మిగతా వాళ్లందరూ సాఫ్ట్‌వేర్ పిల్లలు. పాఠం చెప్పే కుర్రవాడు వాళ్ల మేనల్లుడి కంటే చిన్నవాడు. అతను లోపలికి రాగానే వీళ్లిద్దరూ లేచి నిలబడేవారట. "అంకుల్, ప్లీజ్, కూర్చోండి" అని అతను బతిమాలితే, "మీరు కూర్చోండి మాస్టారూ, మేం కూర్చుంటాం" అనేవారట. దసరాకి ఇంటికి పిలిచి పంచెల చాపు పెడితే ఆ పిల్లవాడు దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మెడలో వేసుకుని వెళ్లాడని చెప్పి కామేశ్వరి గారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవారు. ఇంట్లో ఆమె పెట్టిన నియమం ఒకటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా, కాఫీ తాగే వేళ, స్పానిష్ తప్ప ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. వస్తే ఆ పూట గిన్నెలు వాళ్లే తోమాలి. పొద్దున గొడవ మొదలైతే "నాలుగింటికి చూసుకుందాం" అనుకునేవారు. నాలుగింటికి కోపం ఉండేది గానీ దానికి సరిపడా మాటలు ఉండేవి కావు. "నువ్వు చెడ్డ మనిషివి. నిన్న కూడా చెడ్డ మనిషివి." అంతకు మించి భాష రాక ఇద్దరూ నవ్వేసేవారు. కాపురంలో సుఖపడింది ఆ గంటలోనే అని ఆమె ఒకసారి నాతో చెప్పారు.

నేను చేరకముందే వాళ్లు స్పెయిన్‌లో సలమాంకా అనే ఊళ్లో ఒక నెల ఉండి, పిలార్ అనే ఆమె ఇంట్లో తింటూ, పొద్దున బడికి వెళ్లే పిల్లల్లా సంచులు తగిలించుకుని క్లాసుకి వెళ్లి వచ్చారు. ఆ ప్రయాణం కథలు ఇద్దరూ ఒకేసారి చెప్పేవారు. ఆయన కుడి అంటే ఆమె ఎడమ అనేవారు. ఒకరోజు తప్పు బస్సెక్కి ఎక్కడో పల్లెటూళ్లో దిగారట. మళ్లీ బస్సు సాయంత్రానికి గానీ లేదు. నెల రోజులూ తెలుగు గానీ ఇంగ్లీషు గానీ ముక్క మాట్లాడకూడదని పందెం. చర్చి మెట్ల మీద కూర్చుంటే ఒక ముసలామె వచ్చి, మీరు ఎవరి తాలూకు అని అడిగింది. "అచ్చం మా బందరు అగ్రహారంలో అడిగినట్టే!" అన్నారు నరసింహం గారు. ఆయన బుద్ధిగా తండ్రి పేరు, తాత పేరు, ముగ్గురు తమ్ముళ్ల ఉద్యోగాలు, అన్నీ పాఠంలో నేర్చుకున్నట్టు అప్పజెప్పారు. ఆమె ఓపిగ్గా అంతా విని, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టింది. "ఏం పెట్టిందనుకున్నావ్? పప్పు!" అన్నారాయన. "తాలింపు లేదు" అన్నారామె. "ఉప్పు కూడా లేదు" అన్నారాయన. "ఉంది" అన్నారామె. ఇక ఆ పూటకి కథ అక్కడితో ఆగింది.

ఇంకో కథ ఆమె ఒక్కరే చెప్పేవారు, ఆయన వింటూ ఉండేవారు. తిరిగి వచ్చేసే ముందు రోజు. ఇల్లాలికి బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇచ్చి రావడం ఆమె పద్ధతి. అందుకోసం కుంకుమ భరిణె ఇక్కడి నుంచే పట్టుకెళ్లారు. కానీ పిలార్ భర్త పోయి చాలా ఏళ్లైంది. అందుకని పిలార్ కోడలికి బొట్టు పెట్టి, పిలార్ చేతిలో గంధపు చెక్క బొమ్మ ఒకటి పెట్టారు. పిలార్ ఆ బొమ్మని బల్ల మీద ఉంచి, కళ్లు మూసుకుని, నుదురు ముందుకు చాపింది. "నా వేలు కుంకుమలోనే ఆగిపోయింది మంజులా. ఇంత చదువుకున్నాను, కప్పల్ని కోసి చూపించాను పిల్లలకి, చెయ్యి మాత్రం లేవలేదు. వెనకనించి ఈయన తెలుగులో 'పెట్టు కామూ' అన్నారు. అప్పుడు పెట్టాను." ఆ నెలంతా ఆయన నోటి వెంట తెలుగు వచ్చింది అదొక్కసారేనట. "అప్పుడూ వదల్లేదు. ఆ రాత్రి గిన్నెలు నాతోనే తోమించింది" అన్నారాయన.

నేను చేరిన రెండో ఏడు, డాక్టరు దగ్గర మాట్లాడే పాఠం వచ్చింది వాళ్లకి. ఆ వారమంతా ఇల్లు ఆస్పత్రే. ఆమె ఫోన్ ఇయర్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, రెండో కొస ఆయన వీపు మీద ఆనించి డాక్టరయ్యేవారు. ఆయన రోజుకో చోట నొప్పి తెచ్చుకునేవారు. ఒకరోజు పన్ను, ఒకరోజు మోకాలు. నేను మెట్లు దిగుతుంటే వినపడేది, ఆయన మూలుగు, ఆమె గంభీరమైన ప్రశ్న, తర్వాత ఇద్దరి నవ్వు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కోచింగ్ నుంచి వచ్చేసరికి సందు మొదట్లో అంబులెన్స్ ఆగి ఉంది. సందు ఇరుకని లోపలికి రాలేదు. స్ట్రెచర్ మీద ఆయన్ని నలుగురు మోసుకుని వస్తున్నారు. వాళ్ల వెనక ఆమె చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. ఆస్పత్రి చేరేలోపే అయిపోయిందని తర్వాత చెప్పారు. గుండె.

పదకొండో రోజు దాటాక కూడా ఆమె నుదుటి మీద బొట్టు అలాగే ఉంది. ఆడపడుచు గొంతు తగ్గించి ఏదో అనబోతే, "పిలార్‌కి పెట్టిన చెయ్యే వదినా ఇది. నాకు పెట్టుకోలేనా?" అన్నారు. చుట్టాలు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. కింద ఇంట్లో టీవీ కూడా మోగేది కాదు. నేను పైన, ఆమె కింద, మధ్యలో ఒక్క శ్లాబు. ఇద్దరి గదుల్లోనూ చప్పుడు లేదు.

ఒకరోజు నాలుగింటికి ఆమె మెట్ల దగ్గర నిలబడి పిలిచారు. వెళితే రెండు గ్లాసుల్లో కాఫీ. ఆయన కుర్చీ చూపించి, "అక్కడ కూర్చోవే" అన్నారు. కూర్చోబోతూ ఆగాను. "పర్వాలేదు, కూర్చో. నేను స్పానిష్‌లో మాట్లాడతా. నువ్వు ఊ కొట్టు చాలు."

"నాకేం సమజ్ కాదు గద ఆంటీ."

"కాదనేగా నిన్ను పిలిచింది."

అలా మొదలైంది. ఎదురుగా నేను కూర్చుంటే, నా తల పక్కగా కిటికీ వైపు చూస్తూ ఆమె మాట్లాడేవారు. నడుమ నడుమ "నరసింహం" అనే పేరు వినపడేది. కొన్నిసార్లు నవ్వేవారు, కొన్నిసార్లు విసుక్కునేవారు. ఐదు కాగానే గ్లాసులు తీసుకుని లేచేవారు. నాకు మొదట్లో భయమేసింది, ఆమెకేమైనా అయిందేమోనని. తర్వాత ఆ గంట కోసం నేనే ఎదురు చూడటం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నా ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కరే. అర్థం కాకపోతేనేం?

అయినా ఊ కొడుతూ గోడలా కూర్చోవడం ఎన్నాళ్లని? అశోక్ నగర్ ఫుట్‌పాత్ మీద గ్రూప్స్ గైడ్ల గుట్టలో ఒకరోజు వాళ్లు చదివిన స్పానిష్ పాఠ్యపుస్తకమే పాతది కనపడింది. కొన్నాను. బట్టీ పట్టడం మా కోచింగ్ పిల్లలకి చెప్పాలా! రాజ్యాంగ అధికరణాల మధ్య రోజుకో స్పానిష్ పాఠం నూరుకున్నాను. ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పి ఆమెను ఉలిక్కిపడేలా చేసి నవ్వించాలని నా సరదా. ఈలోగా ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. రెండోసారి కూడా పోయింది. పుస్తకాలు మూలన పడేసి ఒకరోజంతా పడుకున్నాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే మంచిగున్నానని చెప్పాను.

ఆ మర్నాడు నాలుగింటికి ఆమె ఎప్పటిలా మొదలుపెట్టారు. నేను తలొంచుకుని వింటున్నాను. కాసేపటికి, వింటున్నదంతా నాకు అర్థమవుతోందని తెలిసింది. ఎందుకంటే అవి ఆమె మాటలు కావు, పాఠంలో ఉన్న వాక్యాలే. నాకు ఇక్కడ నొప్పిగా ఉంది. ఎప్పటి నుంచి? పొద్దుటి నుంచి. ఈ మందు వేసుకోండి, సోమవారం రండి. ఒకసారి ఆయన గొంతుతో, ఒకసారి తన గొంతుతో చెప్పారు. చివర్లో పాఠంలో లేని రెండు చిన్న వాక్యాలు. ఆయన నిజంగానే చెప్పాడు. నేను నవ్వాను.

ఇన్నాళ్లూ ఆమె నా ఎదుట దాచుకుంటున్నది ఇదన్నమాట. ఎవరికీ చెప్పుకోలేనిది, నాకు అర్థం కాదన్న ధైర్యంతో నా ముందు చెప్పుకుంటున్నారు. విననట్టు ఊ కొట్టాలా? అర్థమైందని చెప్తే రేపటి నుంచి ఆమెకి ఈ గంట కూడా మిగలదేమో. ఏం చేయాలో తేల్చుకోకముందే నా నోటికి వచ్చిన స్పానిష్ వాక్యం ఒకటి బయటికి వచ్చేసింది. ఆ పాఠంలో డాక్టరు మొదట అడిగే ప్రశ్న: "దోందే లే దుయేలే?" మీకు ఎక్కడ నొప్పిగా ఉంది?

ఆమె కిటికీ వైపు నుంచి చూపు తిప్పి, అన్ని నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూశారు. గ్లాసు కింద పెట్టి, "తెలుగులో అడుగు" అన్నారు. ఇంకా ఐదు కాలేదు.

"ఎక్కడ నొప్పి ఆంటీ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఏడుపు మధ్యలోనే అంతా చెప్పారు. ఆ సాయంత్రం ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నవ్వు మొహంతోనే, స్పానిష్‌లో నొప్పి అన్నారట. ఆమె ఇయర్‌ఫోన్లు తగిలించుకుని డాక్టరైపోయారట. "ఇవాళ భలే నటిస్తున్నావు అన్నానే మంజులా. ఆ గంటలో తెలుగు రాకూడదని నియమం పెట్టింది నేనే కదా. పరాయి దేశంలో, పరాయి మనిషి నుదుటి కోసం నియమం తప్పారాయన. తన గుండె కోసం తప్పలేదు."

"నవ్వుకుంట చెప్తే మీకెట్ల తెలుస్తది ఆంటీ?"

"తెలీదు. కానీ ఒక్కసారి, 'ఏవండీ, నిజంగానా?' అని అడిగి ఉండచ్చుగా. తెలుగులో." ఓదార్పు మాటలు నాకు ఏ భాషలోనూ రావు. లేచి వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేశారు. కొంతసేపటికి కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి, "మీ అమ్మకి చెప్పావా?" అన్నారు.

"ఏమని?"

"పరీక్ష పోయిందని. నిన్నంతా నీ గది తలుపు తెరుచుకోలేదు. నేను చూడలేదనుకున్నావా? ఎన్ని భాషలైనా నేర్చుకో తల్లీ. నొప్పి మాత్రం మీ అమ్మతో మాట్లాడే భాషలో చెప్పు. నవ్వకుండా చెప్పు."

ఆ తర్వాత ఆ ఇంట్లో నాలుగు గంటల స్పానిష్ మళ్లీ వినపడలేదు. కాఫీ తాగేవాళ్లం, తెలుగులో మాట్లాడుకునేవాళ్లం, ఒక్కోరోజు మాట్లాడుకోకుండా కూర్చునేవాళ్లం. సంవత్సరీకం అయ్యాక ఆమె ఒంటరిగా సలమాంకా వెళ్లారు. పిలార్ తప్ప తనతో ఆ భాష మాట్లాడేవాళ్లు ఎవరూ లేరన్నారు. తిరిగొచ్చాక, "పిలార్‌కి అంతా చెప్పాను. తను కూడా వాళ్లాయన గురించి ఒకటి చెప్పింది. అది నీకు చెప్పను" అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆమె కూడా పోయారు. ఇల్లు చేతులు మారింది. నాకు ఒక చిన్న ఉద్యోగం వచ్చింది, గ్రూప్స్‌తో కాదు, వేరే దారిలో. నేర్చుకున్న నాలుగు స్పానిష్ ముక్కలు మాట్లాడటానికి ఈ ఊళ్లో నాకెవరూ దొరకలేదు. బాత్రూంలో అప్పుడప్పుడు నాతో నేనే అనుకుంటాను. బదులు రాదు. ఆ ఇంట్లో నేను ఊ కొట్టిన గంటలన్నీ అప్పుడు గుర్తొస్తాయి.

ఆమె ఏడ్చిన ఆ సాయంత్రం నేను మేడ మీదకి వెళ్లి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి ఉంటుందనుకున్నాను, వెనక బస్తీ నీళ్ల దగ్గర గొడవ వినపడుతోంది.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగ లేనే అమ్మా. పరీక్ష మళ్ల పోయింది. నాకు ఈడ ఎవ్వలు లేరు. ఒక్కదాన్నే ఉంటున్న."

అమ్మ గొంతు చిన్నగా వినపడింది. "నాకు గూడ మంచిగ లేదు బిడ్డా. నెలాయె నడుము పట్టుకుని. పనికి పోతలేను. నువ్వు చదువుకుంటున్నవని చెప్పలే."

చిక్కడపల్లి నుంచి అంబర్‌పేట ఎంత దూరమని! ఒట్టు గట్టున పెట్టి అప్పటికప్పుడు బస్సెక్కాను. అమ్మ చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. అక్కడే కూర్చుని మేమిద్దరం ఒకరికొకరం అన్నీ చెప్పుకున్నాం, ఎక్కడెక్కడ నొప్పో, ఎప్పటి నుంచో. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆఫీసు నుంచి రాగానే మా మాటలకి ఇప్పటికీ అదే వరుస. ముందు నొప్పులు. ఆ తర్వాతే, తిన్నవా అని అడగడం.